ముప్పై రూపాయల సెలైన్ సీసా: నా చెవికీ, తమ్ముడి నాలుకకీ వాడి చూశాక

మా ఇందుకూరుపేటలో మెడికల్ షాపుకు పోయి “ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) వంద ఎంఎల్ ఒకటి ఇవ్వన్నా” అంటే, ఆ అన్న ముందు అడిగేది “నెబులైజర్‌కా, పుండు కడగడానికా?” అని. మొదటిసారి నేను “చెవికన్నా” అంటే ఆయనకు అర్థం కాలేదు. చున్నీ పక్కకు జరిపి కుడిచెవి పైభాగంలో ఉన్న చిన్న దుద్దు చూపించాను. “దానికి ఆయింట్‌మెంట్ రాసుకోమ్మా, సెలైన్ ఎందుకు?” అన్నాడు. ఇది పది నెలల కిందటి మాట. ఇప్పుడు చెవి కుట్టించుకొని వచ్చిన ఆడపిల్లలకు ఆయనే ఈ సీసా చేతిలో పెడుతున్నాడు.

నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున ఏడింటికల్లా రైతులు వాటర్ బాటిళ్ళలో చెరువు నీళ్ళు పట్టుకొని వస్తారు. ఉప్పు ఎంతుందో, పీహెచ్ ఎంతో, అమ్మోనియా, విబ్రియో అనే ఉప్పునీటి బ్యాక్టీరియా ఉన్నాయో లేదో చూసి చీటీ రాసిస్తాం. నా రోజంతా ఉప్పునీళ్ళతోనే గడుస్తుంది. ఒక సెలైన్ సీసా గురించి ఇంత పొడవుగా రాయడానికి అదొక కారణం. రెండో కారణం నా ఎడమచెవి.

ఎడమచెవి పైన, గట్టిగా వంగే భాగంలో, మూడేళ్ళ కిందట కుట్టించుకున్నాను. నెల్లూరులో ఒక ఫ్యాన్సీ షాపులో, గన్‌తో. టప్‌మని శబ్దం, రెండు సెకన్లలో పని అయిపోయింది. ఆ గన్‌ను ముందు స్పిరిట్ దూదితో తుడిచారు. మా ల్యాబ్‌లో ఒక గాజు పిపెట్ మళ్ళీ వాడాలన్నా ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో, 15 పౌండ్ల ఒత్తిడి మీద, 15 నిమిషాలు ఉంచుతాం. ప్లాస్టిక్ గన్‌ను అట్ట ఉంచితే కరిగిపోతుంది. రోజూ ఆటోక్లేవ్ తిప్పే చేతులు నావి. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గన్‌తో ఇంకో చిక్కుంది. అందులో దూసుకుపోయేది సూది కాదు, దుద్దే. దాని మొన సూది అంత పదునుగా ఉండదు. స్ప్రింగ్ బలంతో లోపలికి తోస్తుంది. కింద తమ్మె మెత్తటి కండ కాబట్టి ఎలాగో సర్దుకుంటుంది. పైభాగం కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముకలాంటిది, అది నలిగిపోతుంది. పైగా దుద్దు వెనక శీల చర్మానికి అదిమిపెట్టినట్టు బిగుసుకుపోతుంది. వాపు రావడానికి చోటుండదు.

ఇంటికి రాగానే అమ్మ పసుపు, కొబ్బరినూనె వెచ్చచేసి రాసింది. “దుద్దు తిప్పుతుండమ్మే, లేకపోతే అతుక్కుపోద్ది” అంది. అమ్మకు వాళ్ళమ్మ అదే చెప్పింది, ప్రేమతోనే చెప్పింది. నేను పొద్దున, రాత్రి తిప్పాను. ల్యాబ్ నుంచి వచ్చి చేతులు సరిగ్గా కడగకుండా కూడా తిప్పి ఉంటాను. ఐదో రోజుకు చెవి ఎర్రగా ఉబ్బి తల నుంచి పక్కకు నిక్కినట్టయింది. ముట్టుకుంటే సల సల కాగుతోంది. రాత్రి దిండు తగిలితే ప్రాణం పోయినంత పని.

నెల్లూరు పొగతోటలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చెవిని చూస్తూనే తమ్మె పట్టుకొని “ఇక్కడ నొప్పి ఉందా?” అన్నారు. లేదు. పైనంతా వాచి, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అది కార్టిలేజ్ చుట్టూ ఉండే పొరకు పట్టిన ఇన్‌ఫెక్షన్ అని, పెరికాండ్రైటిస్ అంటారని చెప్పారు. కార్టిలేజ్‌కు సొంతంగా రక్తనాళాలు ఉండవు. పైనున్న ఆ పొర నుంచే దానికి ఆహారం అందుతుంది. పొర, కార్టిలేజ్ మధ్య చీము చేరి ఆ రెండూ విడిపోతే కార్టిలేజ్ చచ్చిపోయి చెవి ముడుచుకుపోతుంది. చీము టెస్ట్‌కు పంపితే సూడోమోనాస్ అని వచ్చింది. నీళ్ళలో, తడిలో బతికే సూక్ష్మజీవి అది. మా ల్యాబ్‌లో పేరు వింటేనే జాగ్రత్తపడతాం. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, దుద్దు తీసేశారు. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు దుద్దు ఉంచాలా తీయాలా అన్నది డాక్టరు చూసి తేల్చాల్సిన మాట. ఇంట్లో మనమే పీకేస్తే పైన రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు.

చెవి దక్కింది. పైన చిన్న సొట్ట ఉండిపోయింది. జడ వేసుకుంటే కనబడుతుంది.

అంతా అయ్యాక కూడా నాకు కోరిక చావలేదు. దానికి మా అవ్వ కారణం. అవ్వకు రెండు చెవుల పైనా బావిలీలు ఉండేవి. ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, ఇనప్పెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టి. అవ్వకు కుట్టింది ఊరి ఆచారి, బంగారు తీగ మొన సన్నగా సాగదీసి. మానేదాకా వేపపుల్ల పెట్టుకుందట. అవ్వది మానింది, నాది మానలేదు. పాతవాళ్ళ పద్ధతంతా తప్పని నేను అనను. ఆచారి తీగ సన్నగా, పదునుగా దిగింది, వెనక అదిమే శీల లేదు. నాకు జరిగింది ఆ పాత పద్ధతీ కాదు, సరైన కొత్త పద్ధతీ కాదు.

రెండోసారి కుడిచెవికి, నెల్లూరులోనే, సూదితో కుట్టే ఒక చిన్న చోట చేయించుకున్నాను. లోపల బోలుగా ఉండే సూది, సీలు వేసిన కవరు నా ముందే చించారు. చేతులకు కొత్త గ్లోవ్స్. పెట్టింది టైటానియం దుద్దు, ఏఎస్‌టీఎం ఎఫ్136 రకం, అంటే ఒంట్లో అమర్చే ఇంప్లాంట్లకు వాడే గ్రేడు. దీంతో నికెల్ అలర్జీ భయం ఉండదు. వెనక శీల బదులు చదునైన బిళ్ళ. కాడ కావాలనే కొంచెం పొడవుగా పెట్టారు, వాపుకు చోటుండాలని. “బంగారమే పెట్టించుకుంటానండీ” అని నేను అడిగితే 22 క్యారెట్ల బంగారం మెత్తన, గీతలు పడతాయి, పచ్చి గాయంలో ఆ గీతలు రాపిడి పెడతాయి, మానాక పెట్టుకోమన్నారు. ఇంటికి పంపేటప్పుడు కుట్టినాయన చెప్పింది చాలా తక్కువ: సెలైన్ రెండు పూటలా, మిగతా టైములో చెయ్యి పెట్టొద్దు.

అట్ట ఈ సీసా నా చేతికొచ్చింది.

సీసా మీద ‘సోడియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఐపీ 0.9%’ అని ఉండాలి. 100 ఎంఎల్ నీళ్ళలో 0.9 గ్రాముల ఉప్పు, ఇంకేమీ ఉండదు. లీటరుకు 9 గ్రాములు. మా భాషలో చెప్పాలంటే 9 పీపీటీ, అంటే వెయ్యికి తొమ్మిది పాళ్ళు. సముద్రం 35 దాకా ఉంటుంది. మన రక్తంలో, కణాల చుట్టూ ఉండే ద్రవంలో ఉన్న గాఢత ఈ 9కి సరిపోతుంది కాబట్టి గాయానికి మంట ఉండదు. రొయ్య రైతులకు ఇది ఒక్క మాటలో చెప్తాను. హేచరీ నుంచి పిల్ల తెచ్చినప్పుడు సంచి విప్పి గబుక్కున చెరువులో పోస్తామా? పొయ్యం. చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ ఉప్పు తేడాకు అలవాటు చేస్తాం. లేకపోతే పిల్ల తట్టుకోలేదు. గాయంలో కొత్తగా పుడుతున్న కణాలూ అంతే. ఉప్పు ఎక్కువైతే ముడుచుకుపోతాయి, మరీ తక్కువైతే ఉబ్బిపోతాయి.

“ఉప్పునీళ్ళే కదా, ఇంట్లో కలుపుకుంటే పోదా?” అని అందరూ అడుగుతారు. అమ్మ కూడా అడిగింది. ఒక ఆదివారం ల్యాబ్‌లో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఇంటికి తెచ్చి, అమ్మ చేతే గ్లాసు నీళ్ళలో చెంచా ఉప్పు మూడుసార్లు కలిపించాను. ఒకసారి 22 వచ్చింది, ఒకసారి 13, కల్లుప్పు వేసినప్పుడు 27. ఒక్కసారి కూడా 9 దగ్గరికి రాలేదు. అమ్మ వంటలో ఉప్పు ఎప్పుడూ తప్పదు, అయినా చెంచా కొలత అంతే. పైగా ఆ నీళ్ళు, ఆ గ్లాసు, ఆ చెంచా ఏదీ స్టెరైల్ కాదు. ఒకప్పుడు చెవులు కుట్టేవాళ్ళే సముద్రపు ఉప్పు కలుపుకోమని చెప్పేవాళ్ళు. ఇప్పుడు అమెరికాలోని అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ పియర్సర్స్ వాళ్ళు కూడా ఇంట్లో కలపొద్దు, 0.9% స్టెరైల్ సెలైన్ కొనుక్కోండి అంటున్నారు.

ఒక సంగతి ఖచ్చితంగా చెప్పాలి. సెలైన్ మందు కాదు. సూక్ష్మజీవుల్ని చంపదు. అది చేసే పని కడగడమే. మానేది శరీరం. డెటాల్ లాంటి యాంటీసెప్టిక్కులు, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుట్టే చర్మం కూడా చస్తుంది. ఆయింట్‌మెంట్ జిడ్డు రంధ్రాన్ని మూసేసి గాలి తగలనీయదు. పసుపు, కొబ్బరినూనె కూడా ఆ సన్నటి సొరంగంలో పేరుకుపోతాయి. ఎడమచెవికి నేను చేసినవన్నీ ఎక్కువ చేసినవే. కుడిచెవికి చేసింది తక్కువ, అదే పనిచేసింది.

నేను వాడే పద్ధతి చెప్తాను. ముందు సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుంటాను. నాకిది మామూలుకన్నా ముఖ్యం. మా ప్లేట్ల మీద విబ్రియో పచ్చగా, పసుపుగా చుక్కలు చుక్కలుగా లేచి ఉండటం రోజూ చూస్తాను. ఆ చేతులు చెవి దగ్గరికి పోకూడదు. తరవాత గాజ్ గుడ్డ (కట్టుకట్టే పల్చటి గుడ్డ) ముక్కను సెలైన్‌తో తడిపి చెవికి ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టి రెండు మూడు నిమిషాలు ఊరుకుంటాను. కట్టిన పొర నానిపోయి తనంతట తనే ఊడుతుంది. ఊడకపోతే వదిలేస్తాను, గోటితో గీకను. దూది వాడొద్దు, దాని పోగులు కాడకు చుట్టుకుంటాయి. తుడిచాక ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనిస్తాను. తడి ఉంచకపోవడం కడగడమంత ముఖ్యం, మన నెల్లూరు ఉక్కలో మరీ. దుద్దు తిప్పను. తిప్పితే లోపల అతుక్కుంటున్న చర్మం మళ్ళీ చిరుగుతుంది. రోజుకు రెండుసార్లు, అంతే. మొదటి వారంలో భయంతో నాలుగైదుసార్లు కడిగాను, చర్మం పొడిబారి ఎర్రబడింది. తగ్గించాక సర్దుకుంది.

మొదటి రెండు రోజులు కొంచెం రక్తం, తరవాత వారాల తరబడి తెల్లగానో లేత పసుపుగానో కారి, ఆరి, కాడ చుట్టూ పొర కడుతుంది. అది చీము కాదు, మానుతున్న గాయం నుంచి ఊరే ద్రవం. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. చిక్కగా, ఆకుపచ్చగా, వాసనతో వస్తే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, చెవి కాలిపోతుంటే, జ్వరం తగిలితే మాత్రం సెలైన్ సీసా పక్కనపెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. కార్టిలేజ్ విషయంలో ఒక్క రాత్రి ఆగడం కూడా నష్టమే. ఎడమచెవికి మేం రెండు రోజులు ఆగాం.

తమ్మె అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైభాగానికి ఆరు నెలల నుంచి ఏడాది. పైకి మానినట్టు కనబడ్డా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఈ ఏడాది కాలం ఎట్ట గడుస్తుందో ఎవరూ ముందు చెప్పరు. కుడిపక్కకు తిరిగి పడుకోకూడదు. నేను మెడకు పెట్టుకునే గుండ్రటి ప్రయాణపు దిండు మధ్య ఖాళీలో చెవి ఉంచి పడుకున్నాను. దువ్వెన పళ్ళు, చున్నీ అంచు, మాస్క్ తాడు, అన్నీ దుద్దుకే తగులుకుంటాయి. ఫోను ఎడమచెవికి మార్చాను. ఆదివారం తలంటు నూనె చెవికి కారకుండా ముందే గాజ్ గుడ్డ అడ్డం పెట్టుకొని, కుంకుడురసం పోయాక మంచినీళ్ళతో బాగా కడిగేదాన్ని. కార్తీక పౌర్ణమికి ఇంట్లో వాళ్ళంతా మైపాడు సముద్రంలో మునిగితే నేను ఇసకలో కూర్చున్నాను. అమ్మకు మనసొప్పలేదు. నేనేమో ఆ నీళ్ళలో, చెరువుల్లో ఏముంటుందో రోజూ లెక్కపెట్టే మనిషిని. పచ్చి గాయంతో ఉప్పునీళ్ళలో దిగితే విబ్రియో లోపలికి పోగలదు. సముద్రం, చెరువు, పెన్న ఏదైనా సరే, మానేదాకా మునక వద్దు.

మూడో నెలలో కాడ పక్కన చిన్న బొడిపె లేచింది. భయపడ్డాను, కీలాయిడ్ అనుకున్నాను. కుట్టినాయన దగ్గరికి పోతే ముందు అడిగింది “హెల్మెట్ పెట్టుకుంటారా?” అని. స్కూటీ మీద రోజూ వచ్చిపోతాను. హెల్మెట్ ఎక్కించేటప్పుడు, తీసేటప్పుడు దుద్దు ఒక పక్కకు వాలుతోంది, ఆ ఒత్తిడికి లేచిన బొడిపె అది. కీలాయిడ్ అయితే గాయం హద్దు దాటి పెరుగుతూ పోతుంది, దానికి చర్మం డాక్టరు కావాలి. వంశంలో ఉన్నవాళ్ళు, మనలాంటి నలుపు చామనఛాయ చర్మం వాళ్ళు దాని విషయంలో ముందే ఆలోచించుకోవాలి. నాది రాపిడి బొడిపె. వాపు తగ్గాక పొడవు కాడ అవసరం తీరిపోయింది, అది తీసి పొట్టి కాడ పెట్టారు. నిజానికి ఆ పని రెండో నెలకే చేయించుకోవాల్సింది, నేను అశ్రద్ధ చేశాను. హెల్మెట్ ఒక సైజు పెద్దది కొన్నాను. బొడిపె ఐదారు వారాల్లో అణిగింది. మధ్యలో ఎవరో టీట్రీ ఆయిల్ రాయమన్నారు, ఎవరో ఆస్పిరిన్ నూరి పెట్టమన్నారు. పెట్టలేదు.

ఇక సీసాలో నాకు నచ్చనివి. ఐదుకు నాలుగే ఇస్తాను.

అది గాయం కడగడానికి కాక నరంలోకి ఎక్కించడానికి చేసిన సీసా. మూత తిప్పితే తెరుచుకోదు, సూదితో పొడవాలి. ఒకసారి పొడిచాక అది స్టెరైల్ కాదు. నాకున్న వసతితో ఒక పరీక్ష చేశాను. కొత్తగా పొడిచిన సీసా నుంచి ఒక చుక్క, బాత్రూమ్ అల్మారాలో మూడు రోజులు ఉంచాక ఒక చుక్క, పది రోజులకు ఇంకో చుక్క తీసి సూక్ష్మజీవుల్ని పెంచే న్యూట్రియెంట్ అగార్ ప్లేట్ల మీద వేశాను. మొదటిది ఖాళీ. రెండోదాంట్లో రెండు చుక్కలు లేచాయి. పది రోజులదాంట్లో లెక్కపెట్టలేనన్ని. ఒక్క సీసాతో చేసిన పరీక్ష కాబట్టి అందరికీ ఇంతే అవుతుందని అనను, కానీ ఆ ప్లేటు చూశాక పాత సీసా చెవి దగ్గరికి తీసుకుపోలేకపోయాను. 2000లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకే చోట చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్ళకు వరసగా సూడోమోనాస్ సోకింది, 7గురికి పరీక్షల్లో ఖాయమైంది. ఆరా తీస్తే క్రిమిసంహారక మందు పోసిన స్ప్రే సీసాలోనే ఆ సూక్ష్మజీవి దొరికింది. మందు సీసాలోనే అది బతికితే, ఉప్పునీళ్ళ సీసాలో బతకదా?

మూడో నెల నుంచి 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూళ్ళకు మారాను. తల తుంచితే ఒక పూటకు సరిపోతుంది, మిగిలింది పారబోస్తాను. ఇవి పూటకొకటి కాబట్టి నెలకు ఖర్చు ఎక్కువే అవుతుంది, అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళను ఆంప్యూళ్ళే కొనమంటాను. ఆన్‌లైన్‌లో డబ్బా స్ప్రేలు దొరుకుతాయి, వందల రూపాయలు. లోపల ఉన్నది అదే ఉప్పునీళ్ళు. చెయ్యి తగలకుండా కొట్టుకోవచ్చన్నది లాభం. ముక్కులో కొట్టుకునే సెలైన్ స్ప్రే ఇంట్లో ఉంది కదా అని వాడొద్దు. కొన్నింట్లో నిల్వకు మందులు కలుపుతారు, లేబుల్ చదవాలి. లెన్సులు కడిగే ద్రావణం అసలే వద్దు.

లేబుల్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. షాపులో “గ్లూకోజ్ బాటిల్ ఇవ్వండి” అని అడగొద్దు. మన వైపు డ్రిప్ సీసా దేన్నైనా గ్లూకోజ్ బాటిల్ అనేస్తాం. మా చిన్నమ్మ కూతురు అట్టే అడిగి డీఎన్ఎస్ తెచ్చుకుంది. అందులో ఉప్పుతో పాటు చక్కెర ఉంటుంది. గాయం మీద చక్కెర నీళ్ళు పోస్తే ఏం పెరుగుతాయో నేను వేరే చెప్పక్కర్లేదు, మేం ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచడానికి చక్కెర వేస్తాం. ఆర్ఎల్ అని ఇంకో సీసా ఉంటుంది, అదీ కాదు. ఎన్ఎస్ అని అడగాలి, 0.9 అంకె చూసుకోవాలి, తేదీ చూసుకోవాలి.

చెవి వరకే అయితే ఇంతటితో ఆపేదాన్ని. సంక్రాంతికి తమ్ముడు బెంగళూరు నుంచి నాలుక కుట్టించుకొని దిగాడు. కుట్టించుకొని మూడో రోజు. నోరు తెరవమంటే నాలుక మందంగా ఉబ్బి, మధ్యలో పొడవాటి ఇనప కడ్డీలాంటిది, రెండు పక్కలా గుండ్లు. “అక్కా” అనబోతే “అగ్గా” అని వచ్చింది. అమ్మ గడపలోనే కూలబడింది. “ఏంది నాయనా ఇది, ఎవరన్నా బలవంతం చేశారా?” అని ఏడ్చింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

నేను వాణ్ణి ఏమీ అనలేదు. ఎడమచెవి సొట్ట పెట్టుకొని ఏమంటాను? కూర్చోబెట్టి వివరాలు అడిగాను. నాలుక మూడు నుంచి ఐదు రోజుల దాకా వాస్తుంది, అందుకే కడ్డీ పొడవుది వేస్తారు. అది లెక్క ప్రకారం జరుగుతున్న వాపే. నోరు రక్తం బాగా ఆడే చోటు కాబట్టి చెవికన్నా తొందరగా, నాలుగు నుంచి ఆరు వారాల్లో మానుతుంది. కానీ నోట్లోకి రోజంతా ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. అమ్మ అప్పటికే నెల్లూరు చేపల పులుసు పెట్టింది, పుల్లటి మామిడికాయ వేసి, వాడికోసమే. వాడు ఆ గిన్నె వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. పులుపు, కారం, వేడి ఒక వారం వద్దన్నాను. చల్లారిన రాగిజావ, పెరుగన్నం మెత్తగా పిసికి, పల్చటి మజ్జిగ, నోట్లో చిన్న మంచుముక్కలు. పండగ మూడు రోజులూ అరిసెలు అటకెక్కాయి. అమ్మ నాలుగో రోజుకు ఏడుపు మాని రాగిజావ ఎంత పల్చగా ఉంటే బాగుంటుందో నన్ను అడగడం మొదలుపెట్టింది.

ఇక్కడ సెలైన్ రెండో పని చేసింది. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, గుక్కెడు సెలైన్‌తో అర నిమిషం పుక్కిలించి ఉమ్మేశాడు. రోజుకు నాలుగైదుసార్లు. మంచినీళ్ళు కూడా పనికొస్తాయి. మౌత్‌వాష్ వాడాలంటే ఆల్కహాల్ లేనిది, రోజుకు రెండుసార్లు మించకుండా. వాడి దగ్గర క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఉంది, అది డాక్టరు చెప్పకుండా వారాల తరబడి వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, పక్కన పెట్టించాను. కొత్త మెత్తటి బ్రష్ కొన్నాం. సిగరెట్టు, మందు, గుట్కా ఏదీ వద్దని చెప్పాను. సిగరెట్టు దగ్గర వాడు తల దించుకున్నాడు, నాన్న వింటున్నారని ఇంక పొడిగించలేదు. రోజుకొకసారి చేతులు కడుక్కొని గుండ్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, వదులైతే నిద్రలో మింగేయొచ్చు.

వాడికి ఒకటే గట్టిగా చెప్పాను. నాలుక కింద, గడ్డం కింద వాపు పాకినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఎవర్నీ అడగకుండా హాస్పిటల్ ఎమర్జెన్సీకి పోవాలి. నోటి అడుగున ఇన్‌ఫెక్షన్ చేరితే ఊపిరి దారే మూసుకుపోతుంది. అరుదే, కానీ గంటల్లో ముదిరిపోతుంది.

నాలుక విషయంలో సెలైన్ చేయలేని పని ఒకటుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నోట్లో కుట్టించుకోవడాన్నే వద్దంటుంది, కారణం మానేలోపు వచ్చే ఇబ్బంది ఒక్కటే కాదు. మానాక కూడా ఆ గుండు పళ్ళకు తగిలి పెచ్చులు లేపుతుంది, కింది పళ్ళ వెనక చిగురు అరిగి కిందికి దిగిపోతుంది. అరిగిన చిగురు తిరిగి పెరగదు. వాడు మాట్లాడేటప్పుడు గుండును పళ్ళతో టక్ టక్ కొరికే అలవాటు వారంలోనే పట్టుకున్నాడు. నేను విన్నప్పుడల్లా ఆపించాను. వాపు తగ్గాక, మూడో వారంలో, కుట్టిన చోటికే పోయి పొట్టి కడ్డీ వేయించుకొమ్మని పంపాను. వేయించుకున్నాడు, ఫోటో పంపాడు. ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకు చూపించుకుంటానని మాటిచ్చాడు. నా మనసులో మాట రాస్తున్నాను: వాడు దాన్ని తీసేస్తే నాకు సంతోషం. వాడి నాలుక వాడిది కాబట్టి, ఉంచుకున్నన్నాళ్ళు పదిలంగా ఉంచుకోవాలి.

తిరుగు రైలెక్కేటప్పుడు వాడి బ్యాగులో అమ్మ అరిసెల డబ్బా పక్కన ఆంప్యూళ్ళ ప్యాకెట్టు పెట్టింది. నేను చెప్పలేదు. మెడికల్ షాపులో “ఎన్ఎస్, పది ఎంఎల్‌వి, తేదీ చూసి ఇవ్వు” అని అడిగి తెచ్చిందట.

నా చెవికి ఇప్పుడు పది నెలలు. రోజూ కడగాల్సిన పని లేదు, దుమ్ములో తిరిగి వచ్చినప్పుడో, పొర కట్టినట్టు అనిపించినప్పుడో ఒక ఆంప్యూల్ తుంచుతాను. మొన్న ఇనప్పెట్టె తెరిచి అవ్వ బావిలీలు చూశాం. తీగ నా దుద్దు కాడకన్నా లావుగా ఉంది. ఏడాది నిండాక ఆచారి దగ్గరికి తీసుకుపోయి సన్నం చేయించొచ్చా అని అమ్మ అడిగింది. ఎడమచెవికి కుట్టు లేదు కదా, మరి జతలో రెండోది ఏం చేద్దామంది. ఒక్కదాన్నే పెట్టుకుంటానని చెప్పాను.